శరదృతువులో కాకినాడ వారపు వాతావరణ సూచనను చదివి పనులు నిర్ణయించుకోవడం ఎలా

అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు నెలాఖరు వరకు కాకినాడలో ఏ పని తలపెట్టినా ముందు బంగాళాఖాతం వైపు ఒకసారి చూడక తప్పదు. సార్వా వరి గింజ గట్టిపడి కోతకు వచ్చేది, దీపావళి, కార్తీక స్నానాలు, పెళ్లి ముహూర్తాలు వరుసగా వచ్చేది ఈ రోజుల్లోనే. మన తీరం మరచిపోలేని తుఫానులు చాలావరకు వచ్చినదీ ఈ రోజుల్లోనే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుఫాను, 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీదికి వచ్చిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతాన్ని దెబ్బతీసిన తిత్లీ, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా ఇందుకు ఉదాహరణలు.

సూచన ఇప్పుడు అందరి చేతుల్లోకీ వస్తోంది. దాన్ని ఏడు సమానమైన రోజులుగా చదవడం వల్లనే చాలామంది నష్టపోతున్నారని నా అభిప్రాయం. మొదటి రెండు రోజుల గురించి చెప్పిన మాటకూ, ఆరో రోజు గురించి చెప్పిన మాటకూ ఒకే బరువు ఉండదు. ఏ మాటను ఎంతవరకు నమ్మి, దాని మీద ఏ పనిని ఆధారపరచాలో కాకినాడను ఉదాహరణగా తీసుకుని కింద వివరిస్తున్నాను. మచిలీపట్నం, బాపట్ల, కళింగపట్నం వాసులు ఊరి పేర్లు, దిక్కులు మార్చుకుని ఇదే పద్ధతిని పాటించవచ్చు.

ముందుగా ఈ వారం ఏ తరహా వారమో గుర్తించండి

నైరుతి రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు 15 నాటికి దేశం నుంచి పూర్తిగా వెనుదిరుగుతాయి. 20వ తేదీ ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాలు కోస్తాంధ్రలోకి, రాయలసీమలోకి, తమిళనాడులోకి ప్రవేశిస్తాయి. ఈ రెండింటి మధ్యా, ఆ తరువాతా కాకినాడలో మూడు తరహాల వారాలు కనిపిస్తాయి. మీరు చదువుతున్న సూచన వీటిలో దేనికి చెందినదో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

మొదటిది మార్పు కాలపు వారం. మధ్యాహ్నం దాకా ఎండ ఉక్కపోతగా ఉంటుంది, మూడు గంటల తరువాత పడమటి వైపు మబ్బులు కమ్ముకుంటాయి, సాయంత్రం ఉరుములు, పిడుగులతో ఒక గంట గట్టి వాన కురిసి తెరిపిస్తుంది. రెండోది ఈశాన్య గాలుల వారం. ఇందులో వాన రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున ఎక్కువగా పడుతుంది, పగలు చాలాసేపు పొడిగానే ఉంటుంది. రాత్రి చల్లబడిన నేల మీదుగా సముద్రం వైపు వీచే గాలి, సముద్రం మీదుగా వచ్చే తూర్పు గాలిని తీరం దగ్గర ఎదుర్కొని మబ్బులను పైకి లేపడమే దీనికి కారణం. మూడోది సముద్రంలో అల్పపీడనమో వాయుగుండమో ఉన్న వారం. అప్పుడు పగలూ రాత్రీ తేడా లేకుండా ముసురు పట్టి, మధ్యమధ్య కుండపోతగా కురిసి, ఈదురుగాలి ఆగకుండా వీస్తుంది.

మొదటి తరహా వారంలో బట్టలు ఆరేయడం, స్లాబు పోయడం, ప్రయాణం మొదలుపెట్టడం ఉదయం పూట పెట్టుకోవాలి. రెండో తరహాలో అదే ఉదయం అన్నిటికన్నా నమ్మరాని వేళ అవుతుంది, పదిన్నర తరువాత పని మొదలుపెట్టడం మేలు. రెండు వారాలకూ ఫోనులో ఒకే మేఘం బొమ్మ, ఒకే శాతం కనిపించవచ్చు కనుక ఈ తేడాను బొమ్మ చెప్పదు.

ఏ ప్రకటనను ఎక్కడ చూడాలి

భారత వాతావరణ శాఖ కాకినాడ నగరానికి ఏడు రోజుల సూచన ఇస్తుంది. జిల్లాల వారీ సూచనలు, హెచ్చరికలు అమరావతి వాతావరణ కేంద్రం నుంచి వస్తాయి. మన తీరానికి, ఓడరేవులకు, మత్స్యకారులకు సంబంధించిన హెచ్చరికలను విశాఖపట్నంలోని తుఫాను హెచ్చరిక కేంద్రం ఇస్తుంది. అలల ఎత్తు, ప్రవాహాల గురించి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) చెబుతుంది. వీటన్నిటి సారాన్ని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ తెలుగులో, చాలాసార్లు మండలాల పేర్లతో సహా ప్రకటిస్తుంది. ఫోనులో మౌసమ్, పిడుగుల కోసం దామిని, పొలం పనుల కోసం మేఘదూత్, ఉపద్రవ హెచ్చరికల కోసం సచేత్ యాప్‌లను ముందే పెట్టుకోండి. తుఫాను గాలి మొదలయ్యాక వాటిని దించుకోవడానికి సిగ్నల్ దొరకకపోవచ్చు.

ఉదయం పత్రికలో వచ్చే సూచన ముందురోజు సాయంత్రానికి ఉన్న పరిస్థితి మీద రాసినది. మామూలు వారంలో అది సరిపోతుంది. సముద్రంలో అల్పపీడనం ఉన్నప్పుడు మాత్రం మధ్యాహ్నం తరువాతి తాజా ప్రకటనను కూడా చూడాలి. తుఫానుగా మారిన తరువాత ప్రకటనలు మూడు గంటలకోసారి వస్తాయి కనుక చేతికి అందిన సందేశం ఏ గంటదో చూడకుండా ఎవరికీ పంపవద్దు. విదేశీ వెబ్‌సైట్లలోని పటాల మీద వేళ అంతర్జాతీయ సమయంలో ఉంటే దానికి 5 గంటల 30 నిమిషాలు కలుపుకోండి. ఈ చిన్న లెక్క తప్పితే రాత్రి రావలసిన గాలిని సాయంత్రానికే వచ్చి పోయినట్టు భావించే ప్రమాదం ఉంది.

మాటల కొలత తెలుసుకోండి

అన్నిటికన్నా శ్రద్ధగా చేయవలసిన పని ఇదే. "కోస్తాలో చాలా చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు, ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది" అనే వాక్యాన్ని మనం ఏటా ఎన్నోసార్లు వింటాం. వాడుకగా చెప్పే మాటల్లా వినిపించినా ఇందులో ప్రతి మాటకూ ఒక కొలత ఉంది.

"ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాలలో నాలుగో వంతుకు మించకుండా అని అర్థం. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50 శాతం, "అనేక చోట్ల" అంటే 51 నుంచి 75 శాతం, "దాదాపు అన్ని చోట్ల" అంటే అంతకు మించి. తెలుగు ప్రకటనల్లో "అనేక", "చాలా", "పలు" అనే మాటలు ఒకదాని స్థానంలో మరొకటి పడుతుంటాయి కనుక అనుమానం వచ్చినప్పుడు వాతావరణ శాఖ అసలు ప్రకటనలోని వర్గాన్ని చూడడం మంచిది.

రెండో కొలత వాన పరిమాణానిది. 24 గంటల్లో 15.5 మిల్లీమీటర్ల వరకు పడితే తేలికపాటి వాన, 15.6 నుంచి 64.4 వరకు మోస్తరు, 64.5 నుంచి 115.5 వరకు భారీ, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, 204.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే అత్యంత భారీ వర్షం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు నీరవుతుంది. 120 గజాల డాబా సుమారు 100 చదరపు మీటర్లు కనుక, "భారీ" అనే మాట మొదలయ్యే 64.5 మిల్లీమీటర్ల దగ్గరే ఆ డాబా మీద దాదాపు 6,450 లీటర్ల నీరు పడుతుంది. మీ డాబా గొట్టం ఎంత లావుగా ఉంది, ఆకులు అడ్డుపడి ఉన్నాయా, ఆ నీరు ఏ కాలువలోకి పోతుంది అనే ప్రశ్నలు సూచనలో ఆ మాట కనిపించిన రోజే వేసుకోవాలి.

మోస్తరు అనే మాటను తక్కువగా అంచనా వేయవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. ఒక రోజంతా నిదానంగా పడిన 60 మిల్లీమీటర్లు నేలలోకి ఇంకుతాయి, కాలువలో పోతాయి. అవే 60 మిల్లీమీటర్లు గంటన్నరలో, అదీ సముద్రం పోటు మీద ఉన్నప్పుడు పడితే ఉప్పుటేరులోకి వెళ్లవలసిన నీరు వెనక్కి తన్ని వీధుల్లో నిలుస్తుంది. సూచనలోని అంకె 24 గంటల మొత్తమే కానీ ఎంత వేగంగా పడుతుందో చెప్పదు. ఉరుములతో కూడిన వాన అని ఉంటే తక్కువ సమయంలో ఎక్కువ పడుతుందని భావించి సిద్ధపడండి.

వాతావరణ శాఖ లెక్కలో రోజు ఉదయం 8.30కి మొదలై మరుసటి ఉదయం 8.30కి ముగుస్తుంది. "మొదటి రోజు భారీ వర్షం" అని ఉంటే అది రేపు తెల్లవారుజామున పడే వాన కూడా కావచ్చు. ఈశాన్య గాలుల కాలంలో వాన ఎక్కువగా ఆ వేళలోనే పడుతుంది కనుక, "ఈరోజు వాన అన్నారు, రాత్రి తొమ్మిదైనా చినుకు లేదు" అని సూచనను కొట్టిపారేసి తలుపు బయట ధాన్యం వదిలి పడుకోకండి.

రంగులనూ ఇలాగే జాగ్రత్తగా చదవాలి. పసుపు అంటే పరిస్థితిని గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇక చర్య తీసుకోమని. రంగు జిల్లా మొత్తానికి వేస్తారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన తరువాత కాకినాడ, కోనసీమ, తూర్పుగోదావరి వేరువేరు జిల్లాలయ్యాయి కనుక మీది కాకినాడ జిల్లా అయినా పక్కనున్న కోనసీమకు ఏ రంగు వేశారో తప్పక చూడండి. తుఫాను మార్గం యాభై కిలోమీటర్లు ఉత్తరానికి జరిగితే వారి రంగు మీకు వస్తుంది.

పేరును బట్టి కాదు, దశను బట్టి

ఉపరితల ఆవర్తనం, అల్పపీడనం, తీవ్ర అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను అనే మెట్లలో వాయుగుండం నుంచి పైవన్నీ గాలి వేగాన్ని బట్టి ఏర్పడినవి. గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62కి చేరితే తుఫాను, 89కి తీవ్ర తుఫాను, 118కి అతి తీవ్ర తుఫాను. పేరు పెట్టేది 62 దాటాకనే. 13 దేశాలు ఇచ్చిన జాబితా నుంచి వరుసలో ఉన్న పేరును అప్పుడు తీసుకుంటారు. మన శాఖ చెప్పే వేగం మూడు నిమిషాల సగటు, ఆగిఆగి వచ్చే విసురు దానికంటే ఎక్కువగా ఉంటుంది. అమెరికా సంస్థలు ఒక నిమిషం సగటును వాడతాయి కనుక వాళ్ల అంకె పెద్దదిగా కనిపిస్తుంది. రెండింటినీ పోల్చి ఎవరో దాస్తున్నారని అనుకోవలసిన పని లేదు.

ఈ మెట్లు గాలిని మాత్రమే కొలుస్తాయని గుర్తుంచుకోండి. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటినది తీవ్ర వాయుగుండమే. దానికి పేరు కూడా లేదు. అయినా అదే రోజు సాయంత్రం, రాత్రి హైదరాబాదులో అది కురిపించిన అత్యంత భారీ వర్షానికి కాలనీలకు కాలనీలు మునిగాయి. దీనికి విరుద్ధంగా, 2013 నవంబరులో సముద్రంలో అతి తీవ్ర తుఫానుగా భయపెట్టిన లెహర్ మచిలీపట్నం దగ్గరికి వచ్చేసరికి వాయుగుండంగా బలహీనపడింది. కనుక ఇంటి పైకప్పు, చెట్లు, కరెంటు స్తంభాల గురించి నిర్ణయించడానికి దశను చూడండి, పొలం, కాలువ, ప్రయాణం గురించి నిర్ణయించడానికి వాన వర్గాన్ని చూడండి. ఒకదాని నుంచి రెండోదాన్ని ఊహించవద్దు.

ఏడు రోజులను మూడుగా విడదీయండి

మొదటి రెండు రోజుల సూచన మీద పనిని నిర్ణయించవచ్చు. మూడు నుంచి ఐదో రోజు వరకు చెప్పినది దిశను మాత్రమే సూచిస్తుంది, దాన్ని బట్టి పనిని ముందుకో వెనక్కో జరుపుకోవడానికి వీలు ఉంచుకోవాలి. ఆరు, ఏడు రోజుల గురించి చెప్పినది కనిపెట్టి ఉండడానికే పనికివస్తుంది. దాన్ని నమ్మి పంట కోయవద్దు, దానికి భయపడి పెళ్లి వాయిదా వేయవద్దు.

మొంథా వచ్చిన వారాన్నే తీసుకోండి. 2025 అక్టోబరు 24 శుక్రవారం నాటికి ఆగ్నేయ బంగాళాఖాతంలో ఉన్నది అల్పపీడనం. 25న అది వాయుగుండమైంది, 26న తీవ్ర వాయుగుండమైంది, 27న తుఫానై పేరు తెచ్చుకుంది, 28 ఉదయానికి తీవ్ర తుఫానై ఆ రాత్రి తీరం దాటింది. శుక్రవారం సాయంత్రం వారం సూచన చూసిన వ్యక్తికి మంగళవారం ఐదో రోజు. ఆ సమయంలో సరైన పని అంతకు మించి ఎదురుచూడడం కాదు. శనివారం, ఆదివారం పొడిగా ఉన్న గంటల్లో చేయగలిగినదంతా చేసి, సోమవారం నుంచి పనులేవీ ఖాయం చేసుకోకుండా ఉండడం సరైన పని.

ఐదు రోజుల తరువాత సంగతికి న్యూఢిల్లీ నుంచి రోజూ వచ్చే ఉష్ణమండల వాతావరణ ప్రకటన ఉపయోగపడుతుంది. రానున్న ఏడు రోజుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడే అవకాశాన్ని అందులో తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అనే వర్గాలలో చెబుతారు. తక్కువ అంటే 33 శాతం వరకు, మధ్యస్థం అంటే 34 నుంచి 67 శాతం వరకు, ఎక్కువ అంటే ఆపైన. దీనితోపాటు రెండు వారాల ముందుచూపు ప్రతి గురువారం వెలువడుతుంది. ఎనిమిదో రోజున కాకినాడ మీద ఎర్రటి సుడిని చూపే ఒక పటాన్ని ఎవరైనా పంపితే, వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటరు నమూనాలలో యూరప్‌దీ, అమెరికాదీ రెండూ అదే చూపుతున్నాయా, నిన్న చూపినదే ఇవాళా చూపుతున్నాయా అని చూడండి. ఒక్క నమూనా ఒక్కసారి చూపినదాన్ని ఎవరికీ పంపకండి. ఆ చిత్రం ఉప్పాడలో ఒక ముసలమ్మకు రెండు రాత్రుల నిద్ర లేకుండా చేస్తుంది.

తుఫాను మనకు ఏ పక్క నుంచి పోతుందో చూడండి

ప్రకటనలో "మచిలీపట్నం, కళింగపట్నం మధ్య, కాకినాడ పరిసరాల్లో తీరం దాటవచ్చు" అని ఉంటే ఆ రెండు ఊళ్ల మధ్య సుమారు 400 కిలోమీటర్ల తీరం ఉందని తెలుసుకోండి. పటంలో ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటు ఆకారం తుఫాను కేంద్రం ఎక్కడెక్కడ ఉండవచ్చో చెప్పేదే కానీ తుఫాను పరిమాణం కాదు. గాలి, వాన ఆ గరాటుకు బయట కూడా ఉంటాయి. ఒక రోజు ముందు చెప్పిన స్థానంలో కూడా కొన్ని పదుల కిలోమీటర్ల తేడా మామూలే. కాకినాడ నుంచి నరసాపురానికి సూటిగా 80 కిలోమీటర్ల పైచిలుకే దూరం కనుక "నరసాపురం దగ్గర" అన్న మాట విని కాకినాడ వాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి వీల్లేదు.

అంతకంటే ముఖ్యమైనది పక్క. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారపు ముల్లుకు ఎదురు దిక్కులో తిరుగుతుంది. తుఫాను కాకినాడకు దక్షిణంగా, అంటే కోనసీమ మీదుగానో నరసాపురం మీదుగానో పడమరకు పోతే మనం దాని కుడి పక్కన పడతాం, గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, ఉప్పెన నీరు తీరానికి ఎగదన్నుతుంది. అదే తుఫాను తునికి ఉత్తరంగా దాటితే మనకు గాలి నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది, ఉప్పెన భయం బాగా తగ్గుతుంది, వాన మాత్రం ఉంటుంది.

దీన్ని మీ ఇంటి డాబా మీద నుంచే గమనించవచ్చు. తుఫాను ఆగ్నేయంగా దూరంలో ఉండగా గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. గంటలు గడిచేకొద్దీ అది ఈశాన్యం నుంచి తూర్పుకు, తూర్పు నుంచి ఆగ్నేయానికి తిరిగితే కేంద్రం మీకు దక్షిణంగా పోతోందని అర్థం. ఈశాన్యం నుంచి ఉత్తరానికి, వాయవ్యానికి, పడమరకు తిరిగితే ఉత్తరంగా పోతోంది. దిక్కు మారకుండా గాలి మాత్రం పెరుగుతూ ఉంటే కేంద్రం సూటిగా మీ వైపే వస్తున్నట్టు భావించాలి. అయితే ఇది ప్రకటనను సరిపోల్చుకోవడానికి మాత్రమే. గాలి బలపడ్డాక డాబా ఎక్కవద్దు, కిటికీలో నుంచి కనిపించే కొబ్బరి మట్టలు ఏ వైపు ఒరిగాయో చూస్తే చాలు.

ఓడరేవు నంబర్లను సరిగా చదవండి

ఒకటి నుంచి పదకొండు వరకు ఉన్న ప్రమాద సూచికలను చాలామంది ఒక్కొక్కటీ ఒక్కో మెట్టు పైకి అని అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఒకటి, రెండు దూరంగా సముద్రంలో ఉన్న వాయుగుండం, తుఫాను గురించి ఓడలకు చెప్పేవి. మూడు, నాలుగు రేవుకు ముప్పు రావచ్చునని చెప్పేవి. ఐదు, ఆరు, ఏడు ప్రమాద సూచికలు. ఐదు అంటే రేవు తుఫాను మార్గానికి ఎడమ పక్కన ఉంటుందని, ఆరు అంటే కుడి పక్కన ఉంటుందని, ఏడు అంటే తుఫాను రేవు మీదుగా లేదా అతి దగ్గరగా పోతుందని అర్థం. ఎనిమిది, తొమ్మిది, పది సూచికలు ఇదే వరుసలో మహా ప్రమాదాన్ని తెలుపుతాయి. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఎనిమిది వేశారంటే "ఇంకా రెండు మెట్లున్నాయి" అనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు.

అలల విషయంలో ఇన్‌కాయిస్ చెప్పే ఎత్తు, మొత్తం అలలలో అన్నిటికన్నా ఎత్తైన మూడో వంతు అలల సగటు. మధ్యమధ్య దానికి దాదాపు రెట్టింపు ఎత్తున్న అల వస్తుంది. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండడం వల్ల కాకినాడ రేవు నీరు కొంత నెమ్మదిగా ఉంటుంది, ఆ రక్షణ లేని ఉప్పాడ వైపు అలలు నేరుగా వచ్చి తగులుతాయి. రేవు దగ్గర నీరు ప్రశాంతంగా ఉందని చూసి ఉప్పాడ బీచ్ రోడ్డు మీదుగా బయలుదేరకండి. కోత పడిన ఆ తీరంలో రోడ్డు దెబ్బతినడానికి తుఫాను ఇక్కడికే రానక్కరలేదు, ఒడిశా వైపు పోయే తుఫాను పంపే అలలు చాలు. దీపావళి అమావాస్యకు, కార్తీక పౌర్ణమికి పోటు మామూలుగానే ఎక్కువగా ఉంటుంది. పౌర్ణమి స్నానానికి పిల్లలతో వెళ్లేవారు వానతో పాటు ఆ రోజు అలల హెచ్చరిక, పోటు వేళ కూడా చూసుకోవాలి.

పనులను సూచనకు జతపరచండి

వరి పండించేవారికి నిర్ణయం అన్నిటికన్నా కష్టం. కోతకు వచ్చిన చేనుకు రెండు రోజుల్లో భారీ వర్షం అని ఉంటే, యంత్రం దొరికి ధాన్యాన్ని వెంటనే గట్టు దాటించగలిగితేనే కోయండి. పనలు చేలో వదిలి వానకు తడవనివ్వడం కన్నా చేను నిలబడి తడవడం తక్కువ నష్టం. కోయకూడదని నిర్ణయిస్తే వాన రాకముందే గట్లకు గండ్లు పెట్టి నీరు పోయే దారి చేయండి. పడిపోయిన చేనులో నీరు తీసి, నాలుగైదు దుబ్బులు కలిపి నిలబెట్టి కట్టుకోండి. పనలు తడిస్తే గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. బరకాలు అద్దెకు తెచ్చుకునే అలవాటున్నవారు మూడో రోజు సూచనలో ముప్పు కనిపించినప్పుడే తెచ్చుకోవాలి, ఆఖరి రోజు ఊరంతా వాటికోసమే తిరుగుతుంది.

వేటకు వెళ్లేవారు బయలుదేరే రోజు వాతావరణం బట్టి కాక, తిరిగి రావలసిన రోజు వాతావరణం బట్టి నిర్ణయించుకోవాలి. నాలుగైదు రోజులు సముద్రంలో ఉండే బోటుకు ఐదో రోజు సూచన ముఖ్యం, అదే తక్కువ నమ్మదగినది కూడా. అందువల్ల అల్పపీడనం ఉందన్న వారంలో దూరపు వేట మానుకుని, హెచ్చరిక వస్తే ఒక్క పూటలో రేవు చేరగలిగే దూరంలోనే ఉండడం తెలివైన పని. నేలలో గుంట తవ్వి అమర్చే గుంట మగ్గం ఉన్న ఇళ్లలో ఆ గుంటలో నీరు ఊరడానికి ఒక మంచి వాన చాలు కనుక నూలును, నేసిన బట్టను ముందే ఎత్తులో పెట్టుకోండి.

పిఠాపురం, గొల్లప్రోలు వైపు వారికి ఊళ్లో పడే వానతో పాటు ఏలేరు నది ఎగువన పడే వాన కూడా లెక్కే. ఊళ్లో తెరిపిచ్చాక కూడా జలాశయం నుంచి ఎంత నీరు వదులుతున్నారో ఆరా తీస్తూ ఉండాలి.

హెచ్చరిక స్థాయి పెరిగినప్పుడు

తుఫాను హెచ్చరికలు నాలుగు దశల్లో వస్తాయి. తుఫాను తీరానికి చేరడానికి దాదాపు 72 గంటల ముందు ముందస్తు గమనిక, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటిన తరువాతి పరిస్థితిపై సూచన. మొదటి దశలో మందులు, తాగునీరు, టార్చి, నగదు, పత్రాలు ఒక చోట చేర్చండి. రెండో దశలో డాబా మీద వదులుగా ఉన్న రేకులు, కుండీలు దించి, నీళ్ల ట్యాంకు నింపి, ఫోన్లు చార్జి పెట్టండి. తాటాకింటిలో, పాత పెంకుటింటిలో, తీరానికి ఆనుకుని ఉన్నవారు మూడో దశ దాకా ఆగకుండా పునరావాస కేంద్రానికో బంధువుల ఇంటికో వెళ్లాలి. నడవలేని పెద్దలను, గర్భిణులను, పశువులను పగటి వెలుగులోనే తరలించాలి. సాయం కావాలంటే 112కు, రాష్ట్ర విపత్తు నియంత్రణ గదికి 1070కు, జిల్లా నియంత్రణ గదికి 1077కు ఫోను చేయవచ్చు.

గాలి ఒక్కసారిగా ఆగిపోయి ఆకాశం తేటపడితే తుఫాను కన్ను మీ మీదుగా పోతూ ఉండవచ్చు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి గాలి అంతే బలంగా తిరిగి వస్తుంది. అధికారులు చెప్పేదాకా బయటికి రావద్దు, వచ్చాక తెగిన తీగలను, నీళ్లలో ఉన్న స్తంభాలను ముట్టవద్దు.

తీరం దాటడంతో వారం సూచన ముగియదు. మొంథా తీరం దాటిన మరునాడు వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో కుండపోత వానలు కురిశాయి. కాకినాడ నుంచి హైదరాబాదుకు, ఖమ్మం మీదుగా ఎక్కడికైనా ప్రయాణం ఉన్నవారు తుఫాను పోయే దారిలోని జిల్లాల రంగులను మరో రెండు రోజులు చూసి, రైళ్ల సమాచారం కనుక్కుని బయలుదేరాలి. మత్స్యకారుల హెచ్చరికను ఉపసంహరించామని ప్రకటన వచ్చేదాకా, ఎండ కాసినా సరే, బోటు రేవులోనే ఉండనివ్వండి. ఆ తరువాత వచ్చే గురువారం రెండు వారాల ముందుచూపును తెరిచి, అండమాన్ వైపు కొత్త ఆవర్తనం ఏదైనా ఉందేమో చూడండి. నవంబరులో ఒకదాని వెనుక మరొకటి రావడం ఈ తీరానికి కొత్త కాదు, 2013లో హెలెన్ నవంబరు 22న, లెహర్ 28న, వారం తిరగకుండానే రెండూ మచిలీపట్నం దగ్గరే తీరం దాటాయి.